నల్లని పిల్ల చేతికి ఏ బొమ్మ ఇవ్వాలి, ఇచ్చి ఏం మాట్లాడాలి

కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థంలోనైనా, అంతర్వేది తీర్థంలోనైనా బొమ్మల దుకాణాల వైపు వెళ్లి చూడండి. తాడుకు వరసగా వేలాడదీసిన అమ్మాయి బొమ్మల్లో చాలావాటికి గులాబీ రంగు ఒళ్లు, పసుపుపచ్చ జుట్టు, నీలి కళ్లు ఉంటాయి. పేచీ పెట్టి మరీ వాటిని కొనిపించుకుని చంకన పెట్టుకుపోయే ఆడపిల్లల్లో ఎక్కువమంది చామనఛాయ వాళ్లు, కొందరు ఇంకా నల్లని వాళ్లు. ఆ బొమ్మ కొనడంలో తప్పేమీ లేదు. అయితే పిల్ల ఆడుకునే బొమ్మలన్నీ అలాంటివే అయి, ఇంటికొచ్చిన చుట్టాలందరూ "పిల్ల కళగానే ఉందండీ, కాస్త రంగు తక్కువ" అంటూ పోతుంటే, బడిలో చేరేనాటికి ఆ పిల్ల తన ఒంటి రంగును ఒక లోటుగా లెక్క వేసుకోవడం మొదలుపెడుతుంది. ఆ లెక్కను మొదట్లోనే సరిచేయడానికి బొమ్మలు ఎలా పనికొస్తాయో, ఎక్కడ పనికిరావో ఈ వ్యాసంలో వివరిస్తాను. రెండేళ్ల నుంచి తొమ్మిదేళ్ల వరకు వయసున్న ఆడపిల్లల తల్లిదండ్రులను, అమ్మమ్మలను, నాయనమ్మలను, అంగన్‌వాడీ టీచర్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

బొమ్మకూ పిల్ల మనసుకూ ఉన్న ఈ లంకెను లోతుగా తరచి చూసినవారు అమెరికాలోని నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తలు మేమీ క్లార్క్, కెనెత్ క్లార్క్ దంపతులు. 1940 ప్రాంతంలో వారు మూడు నుంచి ఏడేళ్ల వయసున్న 253 మంది నల్లజాతి పిల్లల ముందు నాలుగు బొమ్మలు పెట్టారు. ఒంటి రంగు, జుట్టు రంగు తప్ప నాలుగూ ఒకే పోతవి; రెండు తెల్లనివి, రెండు గోధుమ రంగువి. ఏ బొమ్మతో ఆడుకుంటావని అడిగితే నూటికి 67 మంది తెల్ల బొమ్మను చూపించారు. ఏది చూడ్డానికి బాగాలేదని అడిగితే 59 మంది గోధుమ రంగు బొమ్మ మీద వేలు పెట్టారు. ఆ తర్వాత "నీలా ఉన్న బొమ్మ ఏది?" అని అడిగేసరికి, కాసేపటి క్రితం తామే బాగాలేదన్న బొమ్మను ఎత్తి చూపించలేక కొందరు పిల్లలు ఏడ్చారు, కొందరు గదిలోంచి బయటికి వెళ్లిపోయారు. తెల్లవారికీ నల్లవారికీ వేరువేరు బడులు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన తీర్పులో క్లార్క్ పరిశోధనను కూడా ఉటంకించారు.

అక్కడి బానిసత్వం, జాతి వివక్ష వేరు. మన దగ్గర రంగు మాట పెళ్లి సంబంధాల చుట్టూ, కులం చుట్టూ, క్రీముల ప్రకటనల చుట్టూ తిరుగుతుంది. 1975 నుంచి ఫెయిర్ అండ్ లవ్లీ అని అమ్ముడుపోయిన క్రీము 2020లో పేరు మార్చుకుంది గానీ మన వీధి అరుగుల మీద మాట మారలేదు. అందువల్ల క్లార్క్ దంపతుల అంకెలను తెచ్చి కోనసీమ పిల్లలకు అంటించడం సరికాదు. వారి పద్ధతిలోంచి మనం తీసుకోదగినది ఒకటుంది: పిల్ల మనసులో ఏముందో తెలుసుకోవాలంటే పిల్లను కాదు, పిల్ల ఆడే ఆటను గమనించాలి.

కొనేటప్పుడు

నల్లని బొమ్మ అంటే నల్ల రంగు పూసిన తెల్ల బొమ్మ కాదు. ఈ సంగతి బొమ్మల కంపెనీలకే ఆలస్యంగా అర్థమైంది. బార్బీని తయారుచేసే మాటెల్ కంపెనీ 1967లో ఫ్రాన్సీ అనే తెల్ల బొమ్మ అచ్చులోనే గోధుమ రంగు ప్లాస్టిక్ పోసి నల్లజాతి బొమ్మగా అమ్మింది. ముక్కు, పెదవులు, ముఖం తీరు అంతా తెల్లపిల్లదే. మరుసటి ఏడాది క్రిస్టీ అనే బొమ్మ వచ్చింది గానీ, నల్లని బొమ్మ నేరుగా బార్బీ పేరుతో రావడానికి 1980 దాకా పట్టింది. దాన్ని రూపొందించిన కిట్టీ బ్లాక్ పెర్కిన్స్ కూడా నల్లజాతి మహిళే. ఈలోగా లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతివారు తామే 1968లో షిందానా అనే బొమ్మల కంపెనీ పెట్టుకుని, తమ పిల్లల ముఖకవళికలతో బేబీ నాన్సీ అనే బొమ్మను తెచ్చారు. కాబట్టి దుకాణంలో బొమ్మ ఒంటి రంగు ఒక్కటే చూసి మురిసిపోకుండా ముక్కు, పెదవులు, జుట్టు కూడా చూడండి.

రంగును దుకాణం ట్యూబులైటు కింద తేల్చుకోవద్దు. బొమ్మను వాకిట్లోకి, పగటి వెలుగులోకి తెచ్చి పిల్ల ముంజేతి పక్కన పెట్టి చూడాలి. చామనఛాయ పిల్లకు బొగ్గులాంటి బొమ్మను తెచ్చి "ఇది నువ్వే" అంటే ఆ పిల్ల ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడం న్యాయమే. అచ్చంగా సరిపోయే రంగు దొరకనప్పుడు ఒక్క బొమ్మతో సరిపెట్టకుండా, కొంచెం ముదురుది ఒకటి, కొంచెం లేతది ఒకటి ఉంచితే పిల్లే తనకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది.

నల్లని ముఖాన్ని వెక్కిరింతగా చేసిన బొమ్మలను మాత్రం ఇంట్లోకి రానివ్వవద్దు. 1895లో ఇంగ్లండులో అచ్చయిన ఒక పిల్లల పుస్తకంలోంచి పుట్టిన గోలీవాగ్ అనే బొమ్మ, కారునలుపు ముఖం, మిడిగుడ్లు, దొప్పల్లాంటి ఎర్రని పెదవులతో కొన్ని తరాల పాటు తెల్లపిల్లల ఇళ్లలో తిరిగింది. మనకు ఆ పుస్తకం తెలియకపోయినా, కట్టుబడిలో ఉన్న ప్రతి ఇంటి ముందూ కోరలు, వేలాడే నాలుకతో నల్లని దిష్టిబొమ్మ వేలాడుతూనే ఉంటుంది. ఊళ్లో పిల్లకు కనిపించే నల్లని బొమ్మ అదొక్కటే అయితే, నలుపుకు ఆమె మనసులో ఏ స్థానం దక్కుతుందో ఊహించడం కష్టం కాదు.

రంగుతోపాటు ఒంటి కొలత కూడా చూడాలి. ఇంగ్లండులో అయిదు నుంచి ఎనిమిదేళ్ల ఆడపిల్లల మీద చేసి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సన్నని బార్బీ చిత్రాలు చూసిన చిన్నపిల్లలు తమ ఒంటి తీరు మీద ఎక్కువ అసంతృప్తి కనబరిచారు. పసిపిల్లల బొమ్మలు, బొద్దుగా ఉండే గుడ్డ బొమ్మలు ఈ విషయంలో మేలు. ఇక భద్రత సంగతి: పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు మినహాయింపు ఉంది కనుక కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల మీద ఆ గుర్తు లేకపోతే కంగారు పడనక్కరలేదు.

ఇంట్లోనే కుట్టే విధానం

నా అభిప్రాయంలో కొన్న బొమ్మకంటే ఇంట్లో పిల్ల కళ్ల ముందు కుట్టిన గుడ్డ బొమ్మ ఎక్కువ పని చేస్తుంది. తన రంగును అమ్మ ఇష్టపడి, తీరిక చేసుకుని, చేత్తో తయారుచేయడం పిల్ల దగ్గరుండి చూస్తుంది. అంతకంటే గట్టిగా ఏ మాటా చెప్పలేదు.

తాతయ్యగారి పాత నూలు పంచె ఇందుకు చక్కగా సరిపోతుంది. ఉతికి ఉతికి మెత్తబడి ఉంటుంది, రంగు బాగా పీలుస్తుంది. అర మీటరు ముక్క తీసుకుని గంజి పూర్తిగా పోయేలా సబ్బుతో ఉతికి, చిటికెడు పటిక కలిపిన నీళ్లలో గంటసేపు నానబెట్టండి. లీటరు నీళ్లలో అయిదారు చెంచాల టీ పొడి వేసి పది నిమిషాలు మరిగించి, వడగట్టిన డికాషన్‌లో తడి గుడ్డను ముంచి అరగంట ఉంచాలి. మధ్యమధ్య కర్రతో తిప్పకపోతే మరకలు మరకలుగా వస్తుంది. తడిగా ఉన్నప్పుడు గుడ్డ అసలు రంగుకంటే ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, ఒక మూల చిన్న ముక్క కత్తిరించి ఆరబెట్టి, దాన్ని పిల్ల ముంజేతి మీద పెట్టి పోల్చుకోవాలి. ఇంకా ముదురు కావాలంటే డికాషన్‌లో కాఫీ పొడి కలపవచ్చు. తుప్పు పట్టిన మేకు వేసినా రంగు నల్లగా తిరుగుతుంది గానీ బూడిద ఛాయ వచ్చి ఒళ్లు జీవం లేనట్టు కనిపిస్తుంది, అందుకని నేను వద్దంటాను. రంగు కుదిరాక చన్నీళ్లలో జాడించి నీడన ఆరేయాలి. ఈ పోల్చుకునే పని పిల్లకే అప్పగించండి. "సరిపోయిందా? ఇంకొంచెం నలుపు కావాలా?" అని అడిగితే, నలుపు అనే మాట ఆమె జీవితంలో మొదటిసారి కొరతగా కాక కావలసిన వస్తువుగా వినిపిస్తుంది.

ఆరిన గుడ్డను రెండు మడతలు వేసి, తల, మొండెం కలిపి ఒక ముక్కగా, చేతులు, కాళ్లు విడిగా గీసుకుని, కుట్టుకు పావు అంగుళం వదిలి కత్తిరించాలి. దగ్గరదగ్గరగా వెనక కుట్టు (బ్యాక్ స్టిచ్) వేసి, పక్కన రెండంగుళాల సందు వదిలి, పెన్సిల్ మొద్దు చివరతో లోపలి వైపు బయటికి తిప్పాలి. లోపల కూరడానికి బూరుగు దూది మెత్తగా ఉంటుంది. ఫ్యాను ఆపి కూర్చోకపోతే ఇల్లంతా ఎగురుతుంది. మెడ దగ్గర గట్టిగా కూరకపోతే వారం తిరిగేసరికి బొమ్మ తల వాల్చేస్తుంది.

ముఖం విషయంలో తొందర పడవద్దు. కళ్లను, కనుబొమలను, పెదవులను ఎంబ్రాయిడరీ దారంతో కుట్టండి. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో పూసలు, గుండీలు ఊడి గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది కనుక అవి అసలు వద్దు. పెదవులకు గులాబీ దారం అతకదు. వంకాయ రంగుకు దగ్గరి మెరూన్ దారం సహజంగా ఉంటుంది. జుట్టుకు నల్ల ఊలు వాడాలి. పిల్లది ఉంగరాల జుట్టయితే పాత నల్ల స్వెట్టర్ విప్పి ఆ ఊలు వాడండి. విప్పిన ఊలు ముడతలు ముడతలుగానే వస్తుంది, దాన్ని తడిపి సాగదీయకుండా అలాగే కుట్టేస్తే సరిపోతుంది. రెండు జడలా, ఒంటి జడా, బొట్టు ఏ రంగు, పరికిణీకి ఏ అంచు అన్నది పిల్ల ఇష్టం. బొమ్మకు పాత పేలికలు చుట్టి వదిలేయకుండా, పండక్కి పిల్లకు కుట్టించిన గుడ్డలోంచి మిగిలిన ముక్కతోనే పరికిణీ కుట్టండి.

కుట్టు చేతకాని వారికి నరసాపురం ప్రాంతంలో మరో దారి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చి అక్కడి పల్లెల్లో ఇంటింటా పాతుకుపోయిన లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. లేసు అల్లే చేతికి, అదే కొక్కెం సూదితో గుండ్రంగా అల్లుకుంటూ వెళ్లి బొమ్మ చేయడం పెద్ద పని కాదు. తెల్ల దారానికి బదులు గోధుమ రంగు నూలు దారం మీరే కొనిచ్చి, పిల్ల ఫొటో ఒకటి చూపించి అల్లించుకోవచ్చు. మజూరీ దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడకండి. ఆ అల్లిక మీద దశాబ్దాలుగా ఎక్కువ లాభం మధ్యవారికే పోయింది.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున దొరికే బంకమట్టితో పిల్లలు తామే బొమ్మలు చేసుకోవచ్చు. తడి మట్టి రంగు మన ప్రాంతపు చాలామంది పిల్లల ఒంటి రంగుకు దగ్గరగా ఉంటుంది, ఆ పోలిక మీరు చెప్పకపోయినా వాళ్లే కనిపెడతారు.

ఆటలో బొమ్మకు ఏ వేషం దక్కుతోంది

నల్లని బొమ్మ ఇంటికి వచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. గుజ్జనగూళ్లు ఆడేటప్పుడు కాస్త దూరంగా కూర్చుని చూడండి. బొమ్మల పెళ్లిలో పెళ్లికూతురు ఎప్పుడూ తెల్ల బొమ్మే అయి, నల్ల బొమ్మ అంట్లు తోముతూనో, తోడిపెళ్లికూతురి పక్కన విసనకర్ర పట్టుకునో ఉంటే, బొమ్మ మారినా పిల్ల లోపలి లెక్క మారలేదని తెలుసుకోవాలి. అప్పుడు మధ్యలో దూరి "అలా ఆడకూడదు" అనడం వల్ల ఆట ఆగిపోతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. మీరూ ఒక బొమ్మను పట్టుకుని ఆటలోకి వెళ్లండి. "డాక్టరమ్మగారు వచ్చారండీ, పెళ్లికూతురికి జ్వరమంట కదా?" అంటూ నల్ల బొమ్మను తీసుకురండి. మరో రోజు అది గోదావరి దాటించే పంటు నడిపే మనిషి కావచ్చు, ఇంకో రోజు బ్యాంకు మేనేజరు కావచ్చు, వేరే రోజు మహా పొగరుబోతు ఆడపడుచు కూడా కావచ్చు. ఎప్పుడూ మంచిదిగానే ఉండాలని లేదు. కథంతా దాని చుట్టూ తిరగడం ముఖ్యం.

పిల్ల "ఇది నల్లగా ఉంది, నాకొద్దు" అంటే ఉలిక్కిపడి ఉపన్యాసం ఇవ్వకండి. "సరే, నా దగ్గర ఉంటుందిలే, దీనికి పేరేం పెడదాం?" అని అడిగి ఊరుకోండి. బలవంతంగా చేతికిచ్చిన బొమ్మ మంచం కిందికి పోతుంది. మీరే నాలుగు రోజులు దానికి జడ వేస్తూ, పక్కన పడుకోబెట్టుకుంటూ ఉంటే పిల్ల దానంతటది వస్తుంది. తెల్ల బొమ్మను దాచేయడం, పారేయడం కూడా మంచిది కాదు. పిల్లకు దాని మీద మోజు రెట్టింపవుతుంది. పౌడరు పులమడం, సబ్బుతో పదేపదే రుద్దడం వంటివి నల్ల బొమ్మకు చేస్తుంటే మాత్రం శ్రద్ధగా గమనించాలి. ఆ రుద్దుడు పిల్ల తనకెవరో చేస్తున్నదాన్నే బొమ్మకు చేయడం కావచ్చు. సున్నిపిండితో నలుగు పెట్టడంలో తప్పు లేదు గానీ, "రంగు తేలుతుంది" అంటూ పెట్టే నలుగు వేరు.

"నేనెందుకు నల్లగా ఉన్నాను?" అని అడిగిన రోజున తడబడకుండా జవాబు చెప్పాలి. ఒంట్లో మెలనిన్ అనే రంగు పదార్థం అందరికీ ఉంటుందని, కొందరికి ఎక్కువ తయారవుతుందని, అది ఎండలోని కీడు చేసే కిరణాల నుంచి చర్మాన్ని కాపాడుతుందని, అమ్మ నుంచీ నాన్న నుంచీ తాతల నుంచీ వస్తుందని చెబితే అయిదేళ్ల పిల్లకు చక్కగా అర్థమవుతుంది. "నలుపైనా కళగా ఉన్నావు" అనడం మెచ్చుకోలు కాదు. కథ కావాలంటే భారతం ఉండనే ఉంది. ద్రౌపది నల్లనిది, ఆమె స్వయంవరానికి రాజులందరూ కట్టకట్టుకుని వచ్చారు. గుడ్డ బొమ్మను ద్రౌపదిని చేసి, తాటాకు బొమ్మల్ని రాజుల్ని చేసి, నీళ్ల గిన్నె మీద మత్స్యయంత్రం వేలాడదీసి ఆడించండి. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో, పిల్ల కుట్టించుకున్న బొమ్మకు పై మెట్లలో చోటివ్వండి. నీలమేఘశ్యాముడని పాడుకుంటూనే రాముడి బొమ్మకు నీలం రంగు పులిమి, నలుపును తెలివిగా తప్పించుకునే అలవాటు మన చిత్రకారులకు ఎప్పటి నుంచో ఉంది. పిల్ల బొమ్మ వేస్తూ రాముడికి గోధుమ రంగు వేస్తే దిద్దకండి.

రంగు పెన్సిళ్ల దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. లేత గులాబీ పెన్సిల్‌ను పిల్లలు "స్కిన్ కలర్" అంటారు. అమెరికాలో క్రేయోలా కంపెనీ ఇలాంటి రంగుకు పెట్టిన "ఒంటి రంగు" అనే పేరును 1962లోనే తీసేసి పీచ్ అని మార్చింది. అంగన్‌వాడీలో గానీ ఇంట్లో గానీ గోధుమ, నారింజ, పసుపు రంగులను ఒకదాని మీద ఒకటి రుద్ది, ఎవరి చేతి రంగు వారినే తయారుచేసుకోమనండి. పాతికమంది పిల్లలుంటే పాతిక రంగులు వస్తాయి.

పెద్దల నోళ్లు

బొమ్మలతో సంవత్సరం పాటు కట్టుకొచ్చిన దాన్ని ఒక పేరంటంలో ఒక్క మాట పడగొట్టగలదు. "ఎవరి రంగొచ్చిందో దీనికి, మావాడు పచ్చగా ఉంటాడు" అని అత్తగారు పిల్ల ఎదుటే అన్నప్పుడు తగవు పెట్టుకోవడం వల్ల ఆ మాట మరింత పెద్దదై పిల్ల చెవిలో నిలిచిపోతుంది. మాటను మళ్లించడం మేలు. "అత్తయ్యగారూ, ఈ బొమ్మ జడ చూడండి, మీ మనవరాలే వేసింది. మీకూ వేస్తానంటోంది" అంటే సంభాషణ రంగు మీద నుంచి పనితనం మీదికి వెళుతుంది. అసలు విషయం పిల్ల నిద్రపోయాక, విడిగా, గౌరవంగానే, గట్టిగానే చెప్పాలి. నాయనమ్మ చేతనే బొమ్మకు పరికిణీ కుట్టించగలిగితే ఇంకా మంచిది. కుట్టిన బొమ్మను ఎవరూ అంత తేలిగ్గా తీసిపారేయలేరు.

క్రీముల జోలికి పిల్లలను వెళ్లనివ్వవద్దు. రంగు తేలుస్తాయని అమ్మే కొన్నింటిలో స్టెరాయిడ్లు కలుస్తాయి, అవి చర్మాన్ని పలచబరుస్తాయి. నల్లబడతానని ఆటలకు వెళ్లడం మానేసినా, ఒళ్లు గీరుకుపోయేలా రుద్దుకుంటున్నా, బడిలో ఎవరో అన్న మాటకు రోజుల తరబడి దిగులుగా ఉన్నా బొమ్మలతో కాలక్షేపం చేయకుండా టీచరుతో మాట్లాడి, పిల్లల వైద్యుడికో మానసిక నిపుణుడికో చూపించాలి.

చివరిగా, నల్లని బొమ్మలు నల్లని పిల్లలకే అన్న నియమం పెట్టుకోవద్దు. పుట్టినరోజుకు పిలిచిన ఇంట్లో పిల్ల తెల్లగా ఉన్నా మీరు తీసుకెళ్లే కానుక ఈ బొమ్మే కావచ్చు. ఆ ఇంటివారు ఒక క్షణం ముఖముఖాలు చూసుకోవచ్చు, చూసుకోనివ్వండి. రేపు బడిలో మీ అమ్మాయి పక్కన కూర్చునేది, ఆటలో ఎవరికి ఏ వేషమో తేల్చేది ఆ పిల్లే. కానుకతోపాటు రెండు జతల బట్టలు కూడా కుట్టి ఇవ్వండి. మార్చడానికి బట్టలుంటే బొమ్మ ఎక్కువకాలం ఆటలో ఉంటుంది.